పెళ్ళి డీవీడీ, చిన్న లాప్‌టాప్, నాయన గొంతు

మీ ఇంట్లో పెళ్ళి డీవీడీలు ఎక్కడున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. చాలా ఇళ్ళలో బీరువా పై అరలో, పట్టుచీరల కింద, ఆల్బమ్ పక్కనే ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బా మీద వధూవరుల ఫోటో, మూలన రెండు గులాబీలు, అడుగున స్టూడియో ఫోను నంబరు. డబ్బా భద్రంగానే ఉంటుంది. దాన్ని చూసే సాధనమే ఇంట్లోంచి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. డీవీడీ ప్లేయరు ఒకరోజు ట్రే బయటికి తెచ్చి మళ్ళీ లోపలికి పోలేదు. పాత కంప్యూటరు పాతసామాన్ల బండి ఎక్కింది. కొత్త టీవీకి పెన్‌డ్రైవు పెట్టే చోటుంది గానీ డిస్కు పెట్టే చోటు లేదు. మన ఇళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు ఓ పదిహేనేళ్ళవి మొత్తం ఆ వెండిరంగు బిళ్ళల్లోనే ఉండిపోయాయి.

అన్నట్టు, సీడీకి తెలుగులో "సాంద్రముద్రిక" అని ఒక మాట పుట్టించారు. బీఏ తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు ఆ మాట మీద గౌరవమే. కానీ మా సీతారామపురం అంగట్లోకి పోయి సాంద్రముద్రిక ఉందా అని అడిగితే పూజాసామాను అనుకుని పక్క కొట్టుకి పంపిస్తారు. అందుకని డిస్కు అనే అంటాను.

మా ఇంట్లో ఈ డిస్కుల గొడవ అమ్మ వల్ల మొదలైంది. నాయన పోయి తొమ్మిదేళ్ళు. అమ్మ కొన్నాళ్ళు చెన్నైలో తమ్ముడి దగ్గర, కొన్నాళ్ళు మా దగ్గర ఉంటుంది. మొన్న సంక్రాంతి వెళ్ళాక, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ, "పాపా, మీ నాయన మొకం ఫోటోలో ఉండాది. గొంతే మరిచిపోతా ఉండా" అంది.

నాకు వెంటనే మాట రాలేదు. ఆలోచిస్తే నాదీ అదే పరిస్థితి. ఆయన ఎట్టా మాట్లాడేవాడో తెలుసు, ఏ మాటలు వాడేవాడో తెలుసు. చెవిలో మాత్రం వినబడటం లేదు. ఆయన చివరిదాకా బటన్ల ఫోనే వాడాడు. ఆయన మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేయాలని మా ఇళ్ళలో ఎవరికీ తట్టే రోజులు కావవి. మాకు తెలిసి ఆయన గొంతు ఉండగలిగిన చోటు ఒక్కటే, 2010లో ఉదయగిరిలో జరిగిన తమ్ముడి పెళ్ళి వీడియో. రెండు డీవీడీలు. తమ్ముడి దగ్గరి కాపీ చెన్నైలో మూడు ఇళ్ళు మారేసరికి ఎక్కడో పోయింది. మిగిలింది అమ్మ పెట్టెలో ఉన్న జత ఒక్కటే.

నెల్లూరులో ఇలాంటివి పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చే షాపులున్నాయని మా ఆయన అన్నారు. మా ఊరినుంచి ఉదయగిరి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు అంటే వంద కిలోమీటర్ల పైమాట. దూరం కాదు అసలు అడ్డు. "రెండు రోజులు ఆగి రండమ్మా" అని వాళ్ళు డిస్కులు తీసుకుని పక్కన పెట్టుకుంటారు. ఉన్న ఒక్క జతనూ అట్లా వదిలి రావడానికి అమ్మ ఒప్పుకోలేదు. "నా కళ్ళ ముందర చేసేదైతే చెయ్యండి" అంది. సరే, ఇంట్లోనే చేద్దాం అనుకున్నాం.

ఇంట్లో ఉన్నది మావాడు చదువుకునేటప్పుడు కొన్న చిన్న లాప్‌టాప్. పదకొండు అంగుళాల తెర, పళ్ళెమంత ఉంటుంది. వాడికి బెంగళూరులో ఆఫీసువాళ్ళు వేరేది ఇచ్చాక ఇది నా పాలబడింది. నేనీ రాతలు రాసేది దాంట్లోనే. తిప్పి చూస్తే ఎక్కడా డిస్కు పెట్టే అర లేదు. ఎందుకు లేదంటే లెక్క తేలికే. డిస్కు వెడల్పు 12 సెంటీమీటర్లు. దాన్ని తిప్పే మోటారు, చదివే లేజరు, బయటికొచ్చే ట్రే అన్నీ కలిపిన డ్రైవు, లాప్‌టాప్‌లలో పెట్టే సన్నరకమైనా 9.5 మిల్లీమీటర్ల మందమో 12.7 మిల్లీమీటర్ల మందమో ఉంటుంది. కంప్యూటరు చిన్నదీ పలచనదీ కావాలంటే ముందు తీసేసేది దాన్నే. 2007లో ఏడంగుళాల ఈపీసీ వచ్చినప్పుడూ అంతే, 2008లో కవరులోంచి తీసి చూపించిన మాక్‌బుక్ ఎయిర్ అయినా అంతే. లోపల లేదు కాబట్టి బయట తగిలించుకోవాలి.

మావాడే ఆన్‌లైన్‌లో ఒక ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవు పంపించాడు. రెండు వేల లోపే అయింది. పలకంత ఉంది, నల్లగా, తేలిగ్గా, వెనకనుంచి ఒక పొట్టి వైరు. దాన్ని యూఎస్‌బీలో గుచ్చితే చాలు, వేరే కరెంటు అక్కర్లేదు అని డబ్బా మీద రాసి ఉంది.

గుచ్చాను. చిన్న దీపం వెలిగింది. డిస్కు పెట్టి మూశాను. ఊఁ అని తిరగబోయి, టిక్ మని ఆగింది. మళ్ళీ ఊఁ, మళ్ళీ టిక్. తెర మీద డ్రైవు బొమ్మ కనిపించి మాయమవుతోంది. అమ్మ పక్కనే కూర్చుని, "దానికి ఆయాసంగా ఉండాది" అంది. ఆమె సరదాకి అన్లేదు, ఆమెకి అట్లా అనిపించింది. మావాడికి ఫోను చేస్తే, "అమ్మా, ఫోను దాని దగ్గర పెట్టు, శబ్దం వినిపించు" అన్నాడు. విని, "కరెంటు చాలటంలేదు" అన్నాడు. అమ్మమ్మ మాటకీ మనవడి మాటకీ పెద్ద తేడా లేదు.

ఇది మెట్ట పల్లెల్లో పుట్టినవాళ్ళకి వివరించక్కర్లేని సంగతి. లో ఓల్టేజీ ఉన్నప్పుడు బోరు మోటారు ఏం చేస్తుంది? మూలుగుతుంది, తిరగదు. ఒకసారి తిరగడం మొదలైతే తక్కువ కరెంటుతో నడుస్తుంది గానీ కదిలే ఆ మొదటి క్షణంలో ఎక్కువ లాగుతుంది. ఇదీ అంతే. మామూలు యూఎస్‌బీ 2.0 రంధ్రం నిబంధన ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. తర్వాత వచ్చిన 3.0 రకం 900 దాకా ఇస్తుంది. నిలిచి ఉన్న డిస్కుని పట్టి తిప్పడానికి డ్రైవుకి కొన్నిసార్లు దానికంటే ఎక్కువ కావాలి. పెద్ద కంప్యూటర్లు ఆ కాస్త ఎక్కువా ఇచ్చేస్తాయి. చిన్నవాటికి, అందులోనూ బ్యాటరీ మీద నడిచేటప్పుడు, చెయ్యి ముడుచుకునే గుణం ఉంటుంది.

మావాడు చెప్పినట్టు ముందు లాప్‌టాప్‌ని చార్జింగులో పెట్టాను. మౌసు తీసేశాను. కొంచెం నయం, అయినా టిక్ పోలేదు. అప్పుడు డ్రైవు పక్కన గుండుసూది తలకంటే కొంచెం పెద్దగా ఒక గుండ్రటి రంధ్రం కనబడింది. డబ్బా అడుగున దానికి సరిపోయే రెండో వైరు కూడా ఉంది, ఎవరికీ పట్టనట్టు కవరులో చుట్టి. ఒక కొస రంధ్రంలో, రెండో కొస ఫోను చార్జరు తలలో. అంతే. ఈసారి ఊఁ అన్నది ఆగలేదు, సన్నగా గాలి వీచినట్టు తిరిగింది. కొన్ని డ్రైవులకి ఈ రంధ్రం ఉండదు, రెండు తలలున్న వైరు ఇస్తారు. అప్పుడు రెండు తలలూ కంప్యూటరుకే గుచ్చాలి. కొనేముందు ఈ రెంటిలో ఏదో ఒకటి ఉందా అని చూసుకోండి. చిన్న లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి డ్రైవు రంగుకన్నా, కంపెనీకన్నా అదే ముఖ్యం.

తిరిగింది గానీ బొమ్మ రాలేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డీవీడీ సినిమాలు చూపించే పనిని కంప్యూటరులోంచి తీసేశారట. దానికి వీఎల్‌సీ అని ఉచితంగా దొరికేది ఒకటి వేసుకోవాలి. రోడ్డు మీద పెట్టే నారింజరంగు శంకువు బొమ్మ ఉంటుంది దానికి. ఫ్రాన్సులో కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన పని అది. ఇన్నేళ్ళైనా పైసా అడగదు, ప్రకటనలు వేయదు. అది వేశాక మొదటి డిస్కు గణపతి బొమ్మతో మొదలైంది. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది.

అయితే నేను వెంటనే చూడనివ్వలేదు. ముందు కాపీ చేద్దాం, తర్వాత ఎన్నిసార్లైనా చూడొచ్చు అన్నాను. పాత డిస్కు ఎన్నిసార్లు తిరిగితే తిరుగుతుందో చెప్పలేం. డిస్కు తెరిచి చూస్తే లోపల వీడియో టీఎస్ అని ఒక ఫోల్డరు, అందులో వీఓబీ అనే ఫైళ్ళు, ఒక్కొక్కటీ ఒక జీబీ దాకా. మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది కాబట్టి నాలుగైదు ముక్కలుగా ఉంటుంది పెళ్ళి. ఆ ఫోల్డరుని అట్లాగే కంప్యూటరులోకి లాగితే చాలు. మొదటి డిస్కు, పసుపు దంచడం నుంచి ఎదురుకోలు దాకా, నేను పప్పు తాలింపు పెట్టి వచ్చేలోపు వచ్చేసింది.

రెండోది మూడో ముక్క దగ్గర నిలబడిపోయింది. ముహూర్తం, భోజనాలు ఉన్నది దాంట్లోనే. అరవై ఒక్క శాతం అని చూపించి, అక్కడే గంట. డ్రైవు లోపల గింజలు జల్లించినట్టు శబ్దం.

ఇక్కడ కొంచెం ఆగి డిస్కు సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ బీరువాలోవీ ఇవే. సినిమా కంపెనీ అమ్మే డీవీడీ అచ్చు పోసింది, గుంటలు అందులోనే ఏర్పడి వస్తాయి. మనకి స్టూడియోవాళ్ళు ఇచ్చింది అట్లాంటిది కాదు. దాంట్లో ఒక రంగు పూత ఉంటుంది, లేజరుతో ఆ పూతని చుక్కలు చుక్కలుగా మారుస్తారు. ఎండా, వేడీ, చెమ్మా తగిలితే ఏళ్ళ మీద ఆ రంగు చెడుతుంది. మా వైపు ఎండాకాలం రేకుల గదిలో పెట్టిన ఇనప పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇంకోటి, రాత లోపలినుంచి మొదలై చుట్టలు చుట్టలుగా బయటి అంచుకి వస్తుంది. పాత గ్రామఫోను రికార్డుకి సరిగ్గా తిరగవేత. కాబట్టి మనం వేళ్ళతో పట్టుకునే అంచు దగ్గర ఉండేది వీడియోలో చివరి భాగం.

డిస్కుని వెలుతురులో వాల్చి చూస్తే అంచుకి దగ్గరగా ఒక బొటనవేలి ముద్ర, దాని మీద ఏళ్ళ దుమ్ము. మెత్తటి పాత నూలు చీర ముక్క తడిపి పిండి, నడిమినుంచి అంచుకి నిట్టనిలువుగా తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు. అడ్డంగా గీత పడితే ఒక్కో చుట్టలో కొంచెమే పోతుంది, ఆ కాస్తనీ సరిదిద్దుకునే లెక్క డిస్కులోనే రాసి ఉంటుంది. చుట్ట వెంబడి గీత పడితే వరసగా పోతుంది, అప్పుడు ఏ లెక్కా ఆదుకోదు. ఆరబెట్టి మళ్ళీ పెడితే అరవై ఒకటి దాటింది. ఎనభై మూడు దగ్గర మళ్ళీ ఆగింది. ఆ రాత్రి మావాడు దూరాన్నుంచే నా కంప్యూటరులోకి వచ్చి, చదవలేని చోట మొండికేయకుండా దాటుకుని మిగతాది తెచ్చే సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టాడు. రాత్రంతా నడిచింది. తెల్లారి చూస్తే మొత్తం మీద నాలుగు నిమిషాలు తప్ప అంతా వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. అమ్మ, నేను, పక్కింటి అక్క. నాయన రెండో నిమిషంలోనే కనిపించాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా, జేబులో పెన్ను. అమ్మ ముందుకి వంగింది. ఆయన నోరు కదులుతోంది. వినబడుతున్నది సినిమా పాట.

ఇది నేను మరిచిపోయిన సంగతి. మీరూ మరిచిపోయి ఉంటారు. మన పెళ్ళి వీడియోల్లో మొదటినుంచి చివరిదాకా పాటలే. పందిట్లో మనిషి మాట్లాడినదంతా తీసేసి పైన పాట వేస్తారు. అప్పుడు మనకి అదే ముచ్చట, ఏ పాట వేశారని అడిగి మరీ వేయించుకునేవాళ్ళం. నాయన తాంబూలాల దగ్గర వియ్యంకుడితో నవ్వుతూ ఏదో అంటున్నాడు, పాట. పెళ్ళికూతురి తమ్ముడిని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్తున్నాడు, పాట.

"ఆ పాట తీసెయ్యి పాపా" అంది అమ్మ.

తీయడం కుదరదని చెప్పాల్సి వచ్చింది. డిస్కులో ఉన్నది ఒక్క ధ్వనే, కింద ఇంకోటి దాగి లేదు. అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి చూస్తే ఆయన పెదాలు చూసి చదవడం మొదలుపెట్టింది. "ఇక్కడ కాఫీ తాగినారా అంటా ఉండాడు. ఇక్కడ మీ పెద్దనాయన్ని పిలస్తా ఉండాడు." నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఎక్కువ భాగం సరిగ్గానే చెప్పి ఉంటుంది.

రెండో డిస్కులో ముహూర్తం వచ్చింది. ఎడిటింగ్ చేసేవాళ్ళు పాట ఆపే చోటు ఇదొక్కటే. మంత్రాలు, గట్టిమేళం అసలు ధ్వనితోనే వదిలేస్తారు. తమ్ముడు తాళి కట్టాడు, అక్షింతలు పడ్డాయి, మేళం తగ్గింది. తర్వాతి పాట మొదలయ్యే లోపు, కెమెరాకి వెనకాల ఎక్కడినుంచో, మనిషి కనబడకుండా, గట్టిగా వినిపించింది. "ఒరే, జనరేటర్ ఆపబాకండిరా! అన్నాల కాడ లైట్లు పోతాయి!" ఇంకెవరో ఏదో అన్నారు. "డీజిల్ దుడ్లు నేనిస్తాలే పోరా!" అంతే, పాట వచ్చేసింది. మొత్తం తొమ్మిది సెకన్లు.

అమ్మ నవ్వింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేదాకా నవ్వింది. తర్వాత ఎప్పుడు ఏడుపైందో నాకు తెలీదు. "కొడుకు పెళ్ళిలో కూడా డీజిల్ గోలే" అంది. పక్కింటి అక్క లేచి మంచినీళ్ళు తెచ్చింది. ఆ తొమ్మిది సెకన్లూ ఆ మధ్యాహ్నం పదిసార్లకి తక్కువ వినలేదు.

మర్నాడు డబ్బా మీది నంబరుకి ఫోను చేశాను. కలవదనుకున్నా, కలిసింది. ఆయన ఇప్పుడు వీడియోలు తీయడం లేదు, వేరే వ్యాపారం. మర్యాదగానే మాట్లాడాడు. "అప్పట్లో చిన్న క్యాసెట్ల మీద తీసేవాళ్ళమమ్మా, ఒక్కోటి గంట. డీవీడీ ఇచ్చేశాక అదే క్యాసెట్టు మీద ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం. ఎవరూ దాచమని అడగలేదు కదా" అన్నాడు. నిజమే, ఎవరడుగుతారు. నాయన వియ్యంకుడితో అన్న మాట మీద ఇంకెవరిదో పెళ్ళి, దాని మీద మరొకరిది.

ఇప్పుడు ఆ పెళ్ళి మూడు చోట్ల ఉంది. లాప్‌టాప్‌లో, ఒక పెన్‌డ్రైవులో, బెంగళూరులో మావాడి దగ్గర. పెన్‌డ్రైవుతో చిన్న చిక్కు వస్తుంది, చెప్పేస్తాను. డిస్కు మొత్తాన్ని ఒకే పెద్ద ఫైలుగా చేస్తే చాలా పెన్‌డ్రైవులు తీసుకోవు. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నవాటికి ఒక్కో ఫైలు 4 జీబీ మించకూడదు. ముక్కలుగా ఉన్న వీఓబీలైతే ఇబ్బంది లేదు. మాది 2002 నాటి పెళ్ళి, అప్పటివి వీసీడీలు. వాటిలో డాట్ అనే ఫైళ్ళుంటాయి, అవీ వీఎల్‌సీలో ఆడతాయి. బొమ్మ మసగ్గా ఉంటుంది గానీ నాయన తల నల్లగా ఉంటుంది.

డ్రైవు సంగతి వీధిలో తెలిసింది. పక్కింటి అక్క వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్ డిస్కు తెచ్చింది, వచ్చేసింది. ఇంకొకరు తెచ్చినదానికి నడిమినుంచి సన్నటి పగులు. దాన్ని మాత్రం పెట్టలేదు. డ్రైవులో డిస్కు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, పగిలింది పెడితే లోపలే ముక్కలైపోయి డ్రైవు కూడా పోవచ్చు. ఆమె దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయింది.

మావాడు ఆ తొమ్మిది సెకన్లు కత్తిరించి వాళ్ళ అమ్మమ్మ బటన్ల ఫోనులో కార్డుకి ఎక్కించాడు. రింగుటోనుగా పెట్టమంటావా అని అడిగితే వద్దంది. "ఎవురు ఫోను చేసినా లేచి నిలబడతా, వద్దు" అంది. పాటల్లో పెట్టమంది. రాత్రి పడుకునే ముందు ఎప్పుడైనా వాళ్ళ గదిలోంచి వినబడుతుంది, జనరేటర్ ఆపబాకండిరా అని. మా ఆయన నవ్వుతారు గానీ మా ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు అప్పటినుంచి తప్పకుండా చూస్తున్నారు.

వేసవి సెలవులకి తమ్ముడూ మరదలూ వస్తారు. రాకుండా పోయిన ఆ నాలుగు నిమిషాల్లో ఏముందో నాకు బాగా గుర్తు. మరదలి మేనత్తలు వరసగా వచ్చి చదివింపులు చదివించి కెమెరా వైపు తిరిగి నిలబడతారు. ఆ సంగతి ఆమెకి చెప్పే పని మా తమ్ముడికే వదిలేశాను.